డీవీడీ డ్రైవ్ ఫర్మ్‌వేర్ అప్‌డేట్: ఎంటర్ కొట్టే ముందు ఒక్క నిమిషం

ఈరోజు డీవీడీ డ్రైవ్ ఫర్మ్‌వేర్‌ని లైనక్స్‌లో కమాండ్ లైన్ నుంచి ఎలా అప్‌డేట్ చేయాలో చూద్దాం. "ఈ రోజుల్లో డీవీడీ ఎవరు వాడుతున్నారు బ్రో?" అంటారేమో. మా పెద్దమ్మ వాడుతుంది. అక్క పెళ్లి వీడియో డిస్క్‌లో వేసి పంపమంది. కొత్త డిస్కులు కొన్నాను. 3 పెడితే 3 ఫెయిల్.

ఎందుకంటే, ప్రతి ఖాళీ డిస్క్‌లోనూ మీడియా ఐడీ అని ఒక కోడ్ ఉంటుంది. ఆ రకం డిస్క్ మీద లేజర్ ఎంత పవర్‌తో రాయాలో ఫర్మ్‌వేర్‌లోని పట్టిక చెబుతుంది. డ్రైవ్ పాతదై, డిస్క్ కొత్తదైతే ఆ పట్టికలో దాని వివరాలే ఉండకపోవచ్చు. ఫర్మ్‌వేర్ అప్‌డేట్‌లో చాలాసార్లు ఈ పట్టికే పెరుగుతుంది.

నేను ఆగకుండా అప్‌డేట్ మొదలుపెట్టేశా. సగంలో కరెంటు పోయింది. యూపీఎస్ లేదు. కరెంటు వచ్చాక చూస్తే డ్రైవ్ సిస్టమ్‌కి కనిపించనే లేదు. ఫ్లాష్ చేయడం అంటే చిప్‌లో పాత ప్రోగ్రామ్ చెరిపి కొత్తది రాయడం. మధ్యలో ఆగితే పాతదీ ఉండదు, కొత్తదీ ఉండదు. ఇక్కడ కంట్రోల్ జెడ్ లేదండి.

అదే మోడల్ సెకండ్ హ్యాండ్‌లో ఇంకోటి కొన్నా. ఈసారి పద్ధతిగా చేశాను.

ఒకటి, టెర్మినల్‌లో ఎల్ఎస్ఎస్‌సీఎస్ఐ అని కొట్టండి. కంపెనీ, మోడల్, ఫర్మ్‌వేర్ వెర్షన్, డివైస్ పేరు ఒకే లైన్‌లో వస్తాయి. డివైస్ పేరు మామూలుగా ఎస్ఆర్ జీరో. మోడల్‌లో ఒక్క అక్షరం తేడా ఉన్నా ఆ ఫైల్ మనది కాదు.

రెండు, ట్రేలో డిస్క్ తీసేయండి. డ్రైవ్ వాడుతున్న ప్రోగ్రామ్‌లన్నీ మూసేయండి. డెస్క్‌టాప్ అయితే యూపీఎస్ ఉండాలి, ల్యాప్‌టాప్ అయితే బ్యాటరీ నిండుగా ఉండి చార్జర్ పెట్టే ఉండాలి.

మూడు, పాత ఫర్మ్‌వేర్ కాపీ. టూల్ మీ డ్రైవ్‌ని బట్టి మారుతుంది. చాలా కంపెనీలు విండోస్ టూల్ మాత్రమే ఇస్తాయి. ఎన్ఈసీ డ్రైవ్‌లకైతే నెక్‌ఫ్లాష్ అనే టూల్ లైనక్స్‌లోనూ నడుస్తుంది. అందులో డంప్ అంటే ఉన్నది ఫైల్‌లోకి తీయడం, ఫ్లాష్ అంటే కొత్తది ఎక్కించడం. ముందు డంప్, తర్వాతే ఫ్లాష్. ఆ డంప్‌ని పెన్ డ్రైవ్‌లో దాచుకోండి.

నాలుగు, ఫ్లాష్ కమాండ్ ఇచ్చాక ఏదీ ముట్టుకోవద్దు. స్క్రీన్ కదలకపోయినా సరే. అయ్యాక రీస్టార్ట్ కాదు, సిస్టమ్ పూర్తిగా ఆపి మళ్లీ ఆన్ చేయండి. మళ్లీ ఎల్ఎస్ఎస్‌సీఎస్ఐ కొట్టి, వెర్షన్ మారిందో లేదో చూడండి.

నాకు మారింది. అదే డబ్బాలోని నాలుగో డిస్క్ చక్కగా రాసింది. పెద్దమ్మ ఫోన్ చేసి, "వీడియోలో మీ తాతయ్య కనిపించాడురా" అంది. ఇంకేం చెప్పలేదు.

చివరిగా ఒక మాట. గీతలు పడ్డ డిస్క్‌ని ఫర్మ్‌వేర్ బాగుచేయదు. డ్రైవ్ బాగా పనిచేస్తుంటే అప్‌డేట్ జోలికే వెళ్లకండి. అవసరమైతేనే చేయండి, ఎంటర్ కొట్టే ముందు మాత్రం ఒక్క నిమిషం ఆగండి. ఆ నిమిషం ఆగకే నేను ఒక డ్రైవ్ పోగొట్టుకున్నా.

వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటాను.