గర్భసంచి లెక్క ఎవరి దగ్గరుంది?
(బౌరంపేట్‌లో జరిగిన మహిళా కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



పొద్దున టీ తాగే వేళ ఒక చెల్లెలు అడిగిన ప్రశ్నతో మొదలుపెడతాను. ఆమెకు గర్భసంచి తీసి పదమూడేళ్లయింది. "ఆస్పత్రోళ్లు ఒక్క కాగితం ఇయ్యలేదక్కా. మరి నా లెక్క ఎక్కడన్న ఉంటదా?" అంది. ఆపరేషన్ కార్డు మీద చేయించుకున్నావా, డబ్బు కట్టావా అని అడిగాను. "పుస్తెలతాడు కుదువ పెట్టినం" అంది. అలా అయితే ఇన్సూరెన్సు లెక్కల్లో ఆమె లేదు. ఇవాళ నేను మాట్లాడేది ఆ లెక్కల గురించే. వాటిలో ఎవరున్నారు, ఎవరు లేరు, వాటితో మనకేం పని అని.

ఇన్సూరెన్సు ఉన్న మనిషి ఆసుపత్రిలో చేరితే ఖర్చు ఇమ్మని ఆసుపత్రి కంపెనీకి బిల్లు పంపుతుంది. దాన్నే క్లెయిమ్ అంటారు. మనిషి వయసు, ఆడా మగా, జబ్బుకొక కోడ్, చికిత్సకొక కోడ్, తేదీలు, అడిగిన సొమ్ము, ఇచ్చిన సొమ్ము అందులో ఉంటాయి. ఇలాంటివి కోట్ల సంఖ్యలో ఒకచోట చేరితే అదొక పెద్ద నిధి. అమెరికాలో మార్కెట్‌స్కాన్ వంటి క్లెయిముల భాండాగారాలను పరిశోధకులకూ మందుల కంపెనీలకూ డబ్బు తీసుకుని ఇస్తారు. ఒక మందు బజారులోకి వచ్చాక ఎవరికేం హాని జరిగింది, ఏ ఊళ్లో ఏ ఆపరేషన్ మితిమీరింది అనేవి వాటిలోంచి బయటికి తీసినవాళ్లున్నారు. మన దేశంలో ఇన్సూరెన్సు నియంత్రణ సంస్థ ఇందుకోసం 2009లో ఒక ఇన్సూరెన్స్ ఇన్ఫర్మేషన్ బ్యూరోను పెట్టింది. అది ఉన్నది హైదరాబాదులోనే. ఇంత దగ్గర్లో ఉన్న లెక్కలు మనకు పనికొస్తాయని నాకు కూడా చాలా ఆలస్యంగానే తట్టింది.

లెక్క స్త్రీల చేతిలోనే ఉంటే ఏమవుతుందో గుజరాత్‌లో చూశాం. సేవా సంస్థ అసంఘటిత రంగంలోని స్త్రీల కోసం 1992లో సొంత ఇన్సూరెన్సు పథకం మొదలుపెట్టింది. వచ్చిన క్లెయిములు చూస్తూంటే గర్భసంచి ఆపరేషన్ పదేపదే కనబడింది, అదీ నలభై నిండని వాళ్లకు. మామూలు కంపెనీ అయితే ప్రీమియం పెంచేది, లేదా ఈ ఆపరేషన్‌కు డబ్బివ్వం పొమ్మనేది. సేవా వాళ్లు ఎందుకిలా అని అడిగారు. సప్నా దేశాయ్, ఆమె సహ పరిశోధకులు ఇన్సూరెన్సు ఉన్నవాళ్లనూ లేనివాళ్లనూ పోల్చి 2011లో ఫలితాలు ప్రచురించారు. ఇన్సూరెన్సు లేని పల్లె స్త్రీలలోనూ ఈ ఆపరేషన్లు తక్కువేం లేవని తేలింది. తీగ దొరికింది క్లెయిముల్లో. డొంక కదిలించడానికి మాత్రం ఊళ్లకు వెళ్లి స్త్రీలతో కూర్చోవాల్సి వచ్చింది.

మన దగ్గర కథ వేరు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2007 ఏప్రిల్ 1న ఆరోగ్యశ్రీ మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాల్లో మొదలైంది. ప్రీమియం ప్రభుత్వానిది, ఇన్సూరెన్సు స్టార్ హెల్త్ అనే ప్రైవేటు కంపెనీది, ఆపరేషన్లు చాలావరకు ప్రైవేటు ఆసుపత్రులవి. ఆ కాలంలోనే డాక్టర్ కామేశ్వరి, డాక్టర్ వింజమూరి ప్రకాశ్ మెదక్ జిల్లాలో స్త్రీలను కలిసి, తెల్లబట్టకూ నడుంనొప్పికీ కూడా గర్భసంచులు తీసేస్తున్న వైనాన్ని బయటపెట్టారు. గొడవ పెరిగాక ప్రభుత్వం ఆరోగ్యశ్రీలో ఈ ఆపరేషన్‌ను ప్రభుత్వ ఆసుపత్రులకే పరిమితం చేసింది.

ఇక్కడ కాస్త ఆగుదాం. అలా చేస్తే ప్రైవేటు క్లెయిములు ఆగిపోతాయి. ఆపరేషన్లు ఆగుతాయా? 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15-49 ఏళ్ల స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవాళ్లు దేశం మొత్తం మీద నూటికి 3.2 మంది. తెలంగాణలో 7.7, ఆంధ్రప్రదేశ్‌లో 8.9. ఇందులో పాత ఆపరేషన్లు కూడా కలిసి ఉంటాయి, ఒప్పుకుంటాను. కానీ 2019-21 సర్వేలోనూ రెండు రాష్ట్రాలూ 8 శాతం పైనే ఉన్నాయి. కంప్యూటర్‌లో లెక్క తగ్గింది కదా అని సంతోషించేవాళ్లకు పుస్తెలతాడు కుదువ పెట్టిన మనిషి కనబడదు.

క్లెయిమ్‌లో ఉన్న స్త్రీ అయినా పూర్తిగా ఉండదు. మన ఇన్సూరెన్సు చాలావరకు ఆసుపత్రిలో పడుకున్న రోజులకే. దానికి ముందు ఆమె ఎన్నాళ్లు తిరిగింది, మందులిచ్చి చూశారా, స్కానింగ్ చేశారా, "తీయకపోతే కేన్సరవుద్ది" అని ఎవరు భయపెట్టారు అనేవాటికి గడి లేదు. తర్వాత వచ్చే ఒంటి ఆవిర్లకూ ఎముకల నొప్పులకూ అంతకన్నా లేదు. 1991లో 'సవాలక్ష సందేహాలు' తెచ్చినప్పుడు అన్వేషి మిత్రులు మొదలుపెట్టింది సరిగ్గా ఆ గడి లేని చోటనుంచే.

సరే, అసంపూర్ణమైనా ఆ లెక్కలు అడుగుదాం. పేర్లు మాత్రం అడగొద్దు. 2024లో ఇదే స్టార్ హెల్త్ ఖాతాదార్ల వైద్య పత్రాలు టెలిగ్రామ్‌లో బయటపడ్డాయి. గర్భసంచి లేదన్న సంగతి అత్తగారికో పనిచ్చే మేస్త్రీకో తెలిస్తే ఏమవుతుందో మీకు నేను చెప్పనక్కర్లేదు. 2023 డేటా రక్షణ చట్టంలో పరిశోధనకు మినహాయింపు ఉంది. పరిశోధకురాలిగా నాకది సౌకర్యమే, అయినా ఆ మినహాయింపును మందుల కంపెనీ కూడా వాడుకోగలదు కాబట్టి నాకు నిశ్చింత లేదు.

మనకు కావలసింది ఆసుపత్రివారీ సంఖ్యలు. ఏడాదికెన్ని, నలభై లోపు వాళ్లెందరు, ఏ జబ్బు కోడ్ మీద అని. ఆరోగ్యశ్రీ ట్రస్టునూ ఇన్సూరెన్సు నియంత్రణ సంస్థనూ సమాచార హక్కు చట్టం కింద అడగవచ్చు. ప్రైవేటు కంపెనీని నేరుగా అలా అడగలేం. నేను ఒక కార్యాలయానికి అర్జీ పెడితే "వ్యక్తిగత సమాచారం" అని తిప్పి పంపారు. నేనడిగింది అంకెలే, ఒక్క పేరూ లేదు. అప్పీలు చేశాను, మీరూ చేయాల్సి వస్తుంది. డాక్టర్ నరేంద్ర గుప్తా వేసిన కేసులో సుప్రీంకోర్టు 2023 ఏప్రిల్‌లో, అనవసర గర్భసంచి ఆపరేషన్ల మీద కేంద్రం ఇచ్చిన మార్గదర్శకాలను మూడు నెలల్లో అమలు చేయమని రాష్ట్రాలను ఆదేశించింది. వాటిలో జిల్లా స్థాయి పర్యవేక్షణ కమిటీ ఉంది. మేడ్చల్ జిల్లాలో అది ఎన్నిసార్లు కూర్చుంది, ఏ లెక్కలు చూసింది అన్నది మన మొదటి అర్జీ కావచ్చు.

పొద్దుటి చెల్లెలికి నేను బాకీ ఉన్న జవాబొకటుంది. 2002 నాటి వైద్య మండలి నిబంధనల ప్రకారం డాక్టరు రోగి రికార్డును మూడేళ్లు దాచాలి, అడిగితే 72 గంటల్లో ఇవ్వాలి. ఆమె గడువు ఎప్పుడో దాటిపోయింది. ఆపరేషనై మూడేళ్లు నిండనివాళ్లు ఈ గదిలో ఎవరైనా ఉంటే భోజనాలయ్యాక నా దగ్గర కూర్చోండి. తెల్లకాగితాలు తెచ్చాను, అర్జీలు రాద్దాం.