కుసి లేని కుర్చీ: ఒక వడ్రంగి కుటుంబం నూట యాభై ఏళ్లు



ఈ స్మారకోపన్యాసం ఏ మేస్త్రీగారి పేరున జరుగుతున్నదో, ఆయనకు తన గురించి ఎవరైనా మాట్లాడితే గిట్టేది కాదని మీలో చాలామందికి తెలుసు. అందుకని ఆయన వృత్తిలోంచే బయల్దేరి ఫ్యాక్టరీగా ఎదిగిన ఒక యూరప్ కుటుంబం చరిత్ర చెబుతాను. ఈ రోజు మాడ్యులర్ కిచెన్లు, వార్డ్‌రోబులు చేస్తున్న మీరంతా తెలిసో తెలియకో వాళ్లు వేసిన దారిలోనే నడుస్తున్నారు.

మిఖాయేల్ టోనెట్ 1796లో రైన్ నది ఒడ్డున బోపార్డ్ అనే ఊళ్లో పుట్టాడు. తండ్రిది తోళ్లు పదునుచేసే పని. కొడుకు వడ్రంగం నేర్చి 1819లో సొంత దుకాణం పెట్టాడు. అప్పట్లో కుర్చీకి వంపు కాలు కావాలంటే వెడల్పాటి పలకలోంచి కోసి తీయాల్సిందే. చెక్కలో చాలా భాగం వృథా. పైగా వంపు దగ్గర నార అడ్డంగా తెగుతుంది, బరువు పడితే విరిగేదీ అక్కడే. టోనెట్ 1830ల్లో పలుచని బద్దలను జిగురులో ఉడికించి, అచ్చులో వంచి, ఒకదానికొకటి అతికించడం మొదలుపెట్టాడు. నార తెగదు, చెక్క మిగులుతుంది.

1841లో కోబ్లెంజ్ ప్రదర్శనలో ఆ కుర్చీలు ఆస్ట్రియా ఛాన్సలర్ మెట్టర్నిక్ కంటబడ్డాయి. వియన్నాకు రమ్మన్నాడు. టోనెట్ వెళ్లాడు, 1842లో చెక్క వంచే పద్ధతి మీద ప్రత్యేక హక్కూ సంపాదించాడు. ఇటు సొంతూళ్లో అప్పులవాళ్లు ఆస్తి స్వాధీనం చేసుకున్నారు. కుటుంబమంతా వియన్నా చేరింది. అక్కడ కార్ల్ లైస్ట్‌లర్ అనే పెద్ద ఫర్నిచర్ వ్యాపారి దగ్గర లిక్టెన్‌స్టైన్ రాజప్రాసాదంలో చెక్క నేలలూ కుర్చీలూ చేశారు. ఇవాళ్టి మాటల్లో చెప్పాలంటే ఇంటీరియర్ కాంట్రాక్టులో సబ్ కాంట్రాక్టు. 1849లో తండ్రీ కొడుకులు కలిసి సొంత కార్ఖానా పెట్టుకున్నారు. వియన్నాలోని డౌమ్ కేఫ్‌కు కుర్చీలు ఇచ్చారు. రాజుగారి ఆర్డరు ఒక్కసారే వస్తుంది, కేఫ్ కుర్చీ మాత్రం ఊరికి వందల్లో కావాలి. ఈ లెక్క వాళ్లకు తొందరగానే అర్థమైంది. 1853లో టోనెట్ వ్యాపారాన్ని ఐదుగురు కొడుకుల పేర రాసిచ్చి, తాను పనిలోనే ఉండిపోయాడు.

అయితే జిగురు ఇబ్బంది పెట్టింది. ఓడలెక్కి ఉక్కపోత దేశాలకు వెళ్లిన కుర్చీల పొరలు తేమకు విడిపోయేవి. జిగురే లేకుండా నిండు చెక్కనే వంచితే? ఇక్కడ కొంచెం ఆగాలి, ఎందుకంటే ఈ కథలో నాకు అన్నిటికంటే ఇష్టమైన భాగం ఇదే. ఆవిరి పట్టిన చెక్క బాగా నొక్కుకుంటుంది గానీ, సాగమంటే సాగదు. వంచగానే బయటి వైపు పేలిపోతుంది. టోనెట్ బయటి వైపున ఒక ఇనుప పట్టీ పెట్టి రెండు కొసల దగ్గరా బిగించాడు. పట్టీ సాగదు కాబట్టి చెక్కనూ సాగనివ్వదు, వంపు ఒత్తిడంతా లోపలి వైపు నొక్కుడుగా మారిపోతుంది. అచ్చుతో సహా వేడి గదిలో ఆరబెడితే ఆ వంపు అలాగే నిలిచిపోతుంది. 1856లో దీనికి హక్కు వచ్చింది. మరుసటి ఏడే మొరావియాలో, బీచ్ చెట్ల అడవుల నడుమ కొరిచానిలో ఫ్యాక్టరీ లేచింది. కలప ఉన్న చోటికే కార్ఖానా నడిచివెళ్లింది.

1859లో వచ్చిన 14వ నంబరు కుర్చీ ఆరు చెక్క ముక్కలు, పది మరలు, రెండు నట్లు. కుసి, బెజ్జం తగ్గట్టుగా కుదర్చడంలోనే వడ్రంగి పనితనమంతా ఉంటుందని మనం నేర్చుకున్నాం. ఈ కుటుంబం ఆ పనితనాన్నే పక్కన పెట్టింది. కుర్చీని విప్పి పెట్టెలో సర్దితే ఒక ఘనమీటరులో 36 కుర్చీలు పట్టేవి, బిగింపు చేరిన ఊళ్లో. అందరూ ఆ వంపును మెచ్చుకుంటారు. నా దృష్టిలో అసలు కనిపెట్టింది పెట్టెలో సర్దడం. 1930 నాటికి ఈ ఒక్క నమూనాలోనే దాదాపు ఐదు కోట్లు అమ్ముడయ్యాయి. ముంబై ఇరానీ కేఫుల్లో చాయ్ తాగినవాళ్లకు ఈ వంపు కుర్చీల వంశం పరిచయమే.

ఇందులో నష్టపోయినవాళ్లు లేరా? ఉన్నారు. నాలుగేళ్లు శిష్యరికం చేసిన పనివాడి అవసరం తగ్గింది. ఒకడు వంచుతాడు, ఇంకొకడు నునుపు చేస్తాడు, కూర్చునే చోట బెత్తం అల్లేది ఆడవాళ్లు. ఏ ఒక్కరికీ కుర్చీ మొత్తం చేయడం రాదు. మేస్త్రీ చేతిలోని జ్ఞానం అచ్చులోకి వెళ్లిపోయింది, ఆ అచ్చు యజమానిది. ఈ మాట చెప్పకుండా టోనెట్లను పొగిడితే అది సగం చరిత్రే.

1869లో హక్కు గడువు ముగియగానే పోటీదారులు వచ్చిపడ్డారు. వాళ్లలో గట్టిది కోన్ కంపెనీ. 1871లో తండ్రి టోనెట్ పోయాడు. కొడుకులు నాటకశాలల ఆసనాలు, ఆఫీసు సామాను దాకా విస్తరించారు, 1889లో జర్మనీలోని ఫ్రాంకెన్‌బర్గ్‌లో ఇంకో ఫ్యాక్టరీ తెరిచారు. మొదటి ప్రపంచయుద్ధం తర్వాత పాత పోటీదారుడితోనే కలిసిపోక తప్పలేదు. 1920ల చివర మార్సెల్ బ్రాయర్ అనే డిజైనర్ రూపొందించిన ఉక్కు గొట్టాల కుర్చీలు చేపట్టారు. వంచడం తెలిసినవాళ్లు కదా, చెక్క పోయి ఉక్కు వచ్చినా కంగారుపడలేదు.

1945 తర్వాత తూర్పు దేశాల్లోని ఫ్యాక్టరీలన్నీ ప్రభుత్వాల పరమయ్యాయి. మిగిలింది బాంబులకు దెబ్బతిన్న ఫ్రాంకెన్‌బర్గ్ ఒక్కటే. మునిమనవడు గియోర్గ్ టోనెట్ దాన్ని మళ్లీ కట్టాడు. మొరావియాలోని బిస్ట్రిత్సె ఫ్యాక్టరీ టాన్ అన్న కొత్త పేరుతో నడిచింది. టోనెట్ పేరు వాళ్లకు దక్కకపోయినా పద్ధతీ పనివాళ్లూ దక్కాయి. 14వ నంబరు కుర్చీ వీపుచట్రాన్ని అక్కడ ఇప్పటికీ మనుషులే చేతులతో వంచుతారు.

ఆ ఇనుప పట్టీ, అచ్చు ఎలా పనిచేస్తాయో కాగితం మీద గీసి ఆ బల్ల మీద పెట్టాను. ప్రశ్నలున్నవాళ్లు అక్కడికి రండి, బొమ్మ చూస్తూ మాట్లాడుకుందాం.