విన్నది కన్నదైనప్పుడు: ప్రేమనవలల ముగింపులు, చలనచిత్రానుసరణలు

నవలను చలనచిత్రంగా మలచడాన్ని విమర్శకులు అనుసరణ అంటారు. ఈ సదస్సులో అనుసరణపై సమర్పిస్తున్న పత్రాలలో చాలావాటికి మూలమైన ప్రశ్న ఒకటే: ప్రేమకథ ముగింపును తెర ఎందుకు మారుస్తుంది? విషాదాంతాన్ని సుఖాంతం చేసి ప్రేక్షకుడిని సంతోషపెట్టడానికేనన్న సమాధానం అందరికీ తెలిసినదే. అది కొన్నిచోట్ల నిజం కూడా. టాల్‌స్టాయ్ 'అన్నా కరేనినా' ఆధారంగా 1927లో గ్రెటా గార్బో నటించిన మూకీచిత్రం 'లవ్'ను నిర్మించిన ఎం.జి.ఎం. సంస్థ, అన్నా రైలు కింద పడి మరణించే ముగింపుతో పాటు, భర్త మరణానంతరం ఆమె ప్రియుడిని తిరిగి కలుసుకొనే మరొక ముగింపును కూడా తీయించి, అమెరికా ప్రదర్శకులు తమకు నచ్చినదాన్ని ఎంచుకొనే వీలు కల్పించింది. వ్యాపారం తప్ప వేరే కారణం వెతకనక్కరలేని సందర్భం కాబట్టి దానిపై ఎక్కువ చర్చ అనవసరం. విషాదం విషాదంగానే మిగిలి, దాని స్వభావం మాత్రం మారిపోయిన సందర్భాలు అంతకంటే ఆలోచింపదగినవి.

శరత్‌చంద్ర చటర్జీ 'దేవదాసు' 1917లో పుస్తకరూపంలో వెలువడింది. నవలలో దేవదాసు తన ప్రేయసి పార్వతి అత్తవారి ఇంటి ముందు చెట్టు కింద ఎవరికీ తెలియని పరదేశిగా ప్రాణం విడుస్తాడు. కులం తెలియని శవాన్ని ముట్టడానికి ఊళ్ళో ఎవరూ ముందుకు రాకపోవడంతో చండాలురు తీసుకుపోయి, సగం కాల్చి వదిలేస్తారు. ఆ తరువాతగాని అతడి దగ్గర దొరికిన ఉత్తరాల సంగతి పార్వతి చెవిన పడదు. అప్పుడామె పరుగెత్తుతుంది, కానీ ఆ పరుగుకు గమ్యం లేదు, ఎందుకంటే అక్కడ శవం కూడా లేదు. నవలలోని శోకమంతా ఆ ఆలస్యంలో ఉంది. చావు ఒక వేళ జరిగింది, వార్త మరొక వేళ చేరింది, ఆ రెంటికీ నడుమ ఊరు తన కులాచారాన్ని నిర్దయగా పాటించింది.

1935లో పి.సి. బారువా తీసిన బెంగాలీ చిత్రం ఈ ఆలస్యాన్ని తొలగించి, పార్వతి పరుగును, మూసుకుపోతున్న తలుపులను ఒకే ఘట్టంగా కూర్చింది. ఆ తలుపు తరువాతి దేవదాసులకు వారసత్వంగా సంక్రమించింది. 2002లో సంజయ్ లీలా భన్సాలీ దాన్ని మహాద్వారంగా పెంచి, దేవదాసు మసకబారుతున్న చూపుతో పరుగెత్తి వస్తున్న పార్వతిని చూస్తుండగానే మూయించాడు. దృశ్యంగా ఇది బలమైనదే. అయితే నవలలో దోషం ఊరిది, ఆచారానిది. ముక్కూమొహం తెలియని మనిషిని చావులో కూడా అంటని సమాజానిది. చిత్రంలో దోషం తలుపు మూయించిన ఒక్క కుటుంబానిది. విషాదం తగ్గలేదు, బహుశా పెరిగింది. నేరం మోసేవాళ్ళు మాత్రం తగ్గిపోయారు. దేవదాసును చంపకుండా బతకనిచ్చిన అనురాగ్ కశ్యప్ 'దేవ్.డి' (2009) మూలానికి ద్రోహం చేసిందన్నవారు, ముగింపును అలాగే ఉంచామని చెప్పుకొన్న చిత్రాలు చేసిన ఈ మార్పును ఎందుకో పట్టించుకోలేదు.

చెవితో విన్నదాన్ని కంటితో చూసినదిగా మార్చడమన్న ఈ లక్షణం బెంగాల్ కథలకే పరిమితం కాదు. ఎమిలీ బ్రాంటీ 'వుదరింగ్ హైట్స్' (1847) చివర నాయకుడు హీత్‌క్లిఫ్, ఒక స్త్రీ దయ్యాలై తిరుగుతున్నారని ఒక పల్లె కుర్రవాడు చెప్పిన మాట వదంతిగా మాత్రమే వినిపిస్తుంది. కథ చెబుతున్న లాక్‌వుడ్ సమాధుల దగ్గర నిలబడి దాన్ని నమ్మలేకపోతాడు. 1939 నాటి హాలీవుడ్ చిత్రం నవలలోని రెండవ తరం కథను పూర్తిగా వదిలేసి, ప్రేమికులిద్దరి ఆత్మలు కలిసి నడిచిపోతున్నట్టు చూపించింది. దర్శకుడు విలియం వైలర్ అందుకు ఒప్పుకోకపోతే, నిర్మాత శామ్యూల్ గోల్డ్‌విన్ వేరే మనుషులను పెట్టి ఆ దృశ్యాన్ని తీయించాడు. పాఠకుడికి అనుమానంగా మిగిలినది ప్రేక్షకుడికి సాక్ష్యమైంది.

శరత్ 'పరిణీత' (1914) ముగింపులో కూడా కథను మలుపు తిప్పేది ఒక సంభాషణే. నాయిక లలిత తనను పెళ్ళాడలేదని గిరీంద్ర చెప్పగా, ఆమెను ప్రేమించిన శేఖర్ వింటాడు, ఆపైన ఆ సంగతి తల్లికి చెబుతాడు. ప్రదీప్ సర్కార్ 2005 చిత్రం ఈ నిదానాన్ని భరించలేక, శేఖర్ చేత అతడి పెళ్ళినాడే అందరి కళ్ళెదుట తన ఇంటికీ లలిత ఇంటికీ మధ్య ఉన్న గోడను పగలగొట్టించింది. గోడ మూలంలోనూ ఉన్నదే, అయితే దాన్ని కూల్చవలసిన అవసరం శరత్‌కు కనిపించలేదు.

ఇది తెర తెచ్చిన కొత్త జబ్బు అనుకోవడం కూడా సరికాదు. రూపకంలోని చివరి భాగాన్ని, అంటే విడివిడిగా నాటిన కథాబీజాలన్నీ ఒకచోట చేరే ఘట్టాన్ని, భరతుడు నిర్వహణ సంధి అన్నాడు. అక్కడ అద్భుతరసం ఉండాలన్నాడు. మహాభారతంలో దుష్యంతుడు నిండు సభలో శకుంతలను ఎరగనని బొంకి, ఆకాశవాణి పలికిన తరువాతే స్వీకరిస్తే, కాళిదాసు తన నాటకంలో శాపాన్ని, ఉంగరాన్ని కల్పించి, పునస్సమాగమాన్ని ఏడవ అంకంలో మారీచాశ్రమానికి తరలించాడు. రాజు బొంకు మరపుగా మారి, నేరం శాపం మీదికి వెళ్ళింది. చదివే కథ చూసే కథగా మారినప్పుడు దోషభారం చేతులు మారడమన్నది అంత పాతది.

తెలుగులో ఈ పరిశీలన ఇంకా లోతుగా సాగవలసి ఉంది. యద్దనపూడి సులోచనారాణి 'సెక్రటరీ' వంటి నవలలు సుఖాంతాలు కాబట్టి తెర వాటి ముగింపును తలకిందులు చేయనవసరం లేకపోయింది. కాని అహంకారం, అపార్థం కరిగిపోయే క్రమాన్ని నవల ఎన్ని పుటలలో సాగదీసిందో, 1976 చిత్రం ఎన్ని దృశ్యాలలో ముగించిందో పోల్చి చూడాలి. చిత్రాన్ని మళ్ళీ పుస్తకంగా మార్చిన వెండితెర నవలల్లో, ముళ్ళపూడి వెంకటరమణ వంటివారు రాసినవాటిలో, తెర మీది ముగింపు తిరిగి వచనంలోకి ఎలా దిగిందో కూడా పరిశీలించాలి. థియేటర్ల దగ్గర అమ్మిన పాటల పుస్తకాలు కూడా ఈ పరిశోధనకు ఆధారాలే. కథ సంగ్రహంగా చెప్పి, చివరికి వచ్చేసరికి మిగతాది వెండితెర మీద చూడమని అవి ఆపేవి. నవలను పత్రికలో వారం వారం చదివి ముగింపు ముందే తెలుసుకొన్న పాఠకురాలికి కూడా ఆ వాక్యం వర్తించిందంటే, ముగింపు నవలది కాదని, చిత్రానిదేనని పరిశ్రమ భావించినట్టే.