గద్దపిల్లను గగనమున కప్పగించుట



శిబిచక్రవర్తి కథ విన్నవారందఱును పావురమును తలంతురు, డేగను మఱతురు. ఆ డేగ వాదములో అన్యాయ మేమియు లేదు. ఆకలి గొన్నది, మాంసము దాని ఆహారము. రాజు తన తొడకోసి తూచెనే గాని దానికి శాకాన్నము పెట్టి పుణ్యము గట్టుకొన జూడలేదు. హైదరాబాదు పాతబస్తీలో రెక్క తెగి నేలబడిన గద్దపిల్లను చేరదీయువారు మొట్టమొదట ఈ డేగను జ్ఞప్తియందుంచుకొనవలెను. జాలిపడి పాలు పోసినను, పెరుగన్నము పెట్టినను అది బ్రదుకదు.

పాతబస్తీలో మిద్దెలెక్కి తలయెత్తినవారికి నల్లగద్ద నిత్యపరిచితము. 1832లో సైక్స్ అను ఆంగ్ల సైనికోద్యోగి ఈ దేశపు గద్దకు శాస్త్రీయనామమున 'గోవింద' యను పదము చేర్చెను. గరుడవాహనుని పేరు ఊరిగద్దకు దక్కుట ముచ్చటయే గదా! ఈ పక్షి చలికాలమున గూడు కట్టి, సుమా రొక నెల గ్రుడ్లు పొదుగును. పిల్ల మఱి యొకటిన్నర, రెండు నెలలు గూటిలోనే పెరుగును. కావున పెక్కు పిల్లలు రెక్క విప్పునది వేసవిలోనే.

సంక్రాంతికి ఎగురవేసిన గాలిపటములకును వేసవిలో రెక్క విప్పు పిల్లలకును సంబంధ మేమని యడుగవచ్చును. పండుగ ముగిసినను దారము ముగియదు. తెగిన మాంజా చెట్లకొమ్మలకును, విద్యుత్తీగలకును చిక్కుకొని వ్రేలాడును. గంజియు గాజుపొడియు పూసిన నూలుదారము కోయునది యైనను ఎండవానలకు క్రమముగా చివుకును. చైనా మాంజా యని పిలువబడు నైలాను దారము చివుకదు. జాతీయ హరిత న్యాయస్థానము 2017 జూలైలో దీనిని దేశమంతటను నిషేధించినది. అయినను అమ్మకము చాటుగా సాగుచునే యున్నది. ఎగురుట యింకను చేతగాని పిల్ల ఆ దారమున దగుల్కొని పెనగులాడును. పెనగులాడినకొలది దారము లోనికి దిగును. భుజము మొదలు మణికట్టు వఱకు రెక్క ముందంచున సాగియుండు పలుచని చర్మము తెగినచో, ఎముక చెక్కుచెదరకున్నను పక్షి యెగురలేదు. ఆ చర్మ మెండిపోకముందే కుట్టు పడవలెను. కనుక గడియలు విలువైనవి.

అట్టి పిల్ల కనబడినప్పుడు దారమును లాగరాదు. ఇరువైపుల కత్తిరించి, చుట్టుకొన్న భాగమును వైద్యునికి విడువవలెను. తలపై వస్త్రము కప్పి కాళ్లను పట్టవలెను. గాయపఱచునది ముక్కుకంటె గోళ్లే. గాలిరంధ్రములుగల అట్టపెట్టెలో, చీకటిలో, సద్దులేని చోట నుంచవలెను. నోట నీరు పోయరాదు. శ్వాసద్వారము నాలుక మొదటనే యుండుటచే నీ రూపిరితిత్తులకు బోవును. ఇంట నున్న నొప్పిమాత్రలును తగవు. డైక్లోఫెనాక్ మందు వాడిన పశువుల కళేబరములను తిని రాబందులు కుప్పలుగా చచ్చుటచే 2006లో ప్రభుత్వము దానిని పశువైద్యమున నిషేధించెను. వన్యప్రాణిని ఇంట పెంచుట 1972 నాటి చట్టము ననుసరించి నేరము, అటవీశాఖవారికి తెలియజేయవలెను. 1963లో బహదూర్‌పురాలో వెలసిన నెహ్రూ జంతుప్రదర్శనశాల పాతబస్తీకి సమీపముననే యున్నది. గాయ మేమియు లేక, ఊరక గూటినుండి జారిన పిల్ల యైనచో దానిని గంపలో బెట్టి అదే చెట్టుపై నెత్తున గట్టుట మేలు. మనిషి తాకినంత మాత్రమున తల్లి విడనాడునన్న మాట వట్టిది.

గాయము మానుట సగము పనియే. కష్టమైన సగము పిదప వచ్చును. పిల్ల తనకు మేత పెట్టు మనిషినే తల్లిదండ్రులుగా నెంచినచో, ఆకలైనప్పుడెల్ల మనుష్యుల చెంత వ్రాలును. తన జాతితో జతగూడదు. అందువలన పెంచువారు కనబడక, మాటాడక, తెరచాటునుండి మేత పెట్టుదురు. సాధ్యమైనచో మఱికొన్ని గద్దల నడుమ నుంతురు. ఆ మేతలో ఎముకయు నుండవలెను. వట్టికండ తిన్న పిల్ల యెముకలు వంగిపోవును. ప్రేమ చూపక ప్రేమించుట యిది. పెంపుడుచిలుకల నెరిగిన యింటివారికి ఇంతకంటె కఠినమైన పని లేదు.

వేటడేగలను పెంచు విద్య మన దేశమున ప్రాచీనమైనది. కుమావూను ప్రభువు రుద్రదేవుడు 'శ్యైనికశాస్త్ర' మను సంస్కృతగ్రంథమునే రచించెను. ఆ విద్య యందలి నేర్పంతయు విడిచిన పక్షి తిరిగి ముంజేతిపై వ్రాలుటకే. ఇక్కడి నేర్పో, విడిచినది తిరిగి రాకుండుటకు! అయినను పాతవిద్య వ్యర్థము గాలేదు. విరిగిన యీక మొదటిలో రాలిన మఱియొక యీకను సన్నని పుల్లతో నతికించుట వేటగాండ్ర పద్ధతియే. ఎత్తైన చోట పెట్టెలో పిల్లల నుంచి, అది తెఱచిన పిమ్మటను మేత పెట్టుచుండుట కూడ వారిదే. అమెరికాలో 1970లో టామ్ కేడ్ మొదలగువారు స్థాపించిన సంస్థ ఈ పద్ధతితోనే వేలకొలది డేగపిల్లలను విడిచెను. 1999లో ఆ జాతి అంతరించుచున్న ప్రాణుల పట్టికనుండి తొలగెను.

మన గద్ద అంతరించునది గాదు. అందుచే దానిపై శ్రద్ధయు తక్కువ. ఢిల్లీలో నదీమ్ షెహజాద్, మహమ్మద్ సవూద్ అను సోదరులు గాయపడిన గద్దను గొనిపోగా, మాంసాహారి యని ఒక పక్షుల ఆసుపత్రివారు చేర్చుకొనలేదు. వ్యాయామశాలలో నేర్చిన కండరముల జ్ఞానమే పెట్టుబడిగా వారు తమ యింటనే వైద్య మారంభించి, వేలకొలది పక్షులకు చికిత్స చేసిరి. వారిపై తీసిన చిత్రము 2022లో కాన్ ఉత్సవమున బహుమానము పొందినది.

విడువబోవు ముందు పిల్లను పొడవైన పంజరమున ఎగురనిత్తురు. రెండు రెక్కలు సమముగా ఆడునా, రొప్పక పైకొమ్మ చేరునా, విసరని మాంసమును తానై వెదకి తినునా యని చూతురు. తేలనిచో మఱికొన్ని వారము లాపుదురు. ఎన్నటికిని ఎగురలేనిది పంజరముననే బ్రదుకును. తేలినచో వాన లేని ప్రాతఃకాలమున, దొరికిన చోటికి దగ్గరగా, తోటిగద్దలు తిరుగు తావున పెట్టె మూత తీసి దూరముగ తొలగుదురు. కొన్ని దినములు మిద్దెపై మాంసపు తునకలుంతురు. మొదట దినదినము వచ్చును. పిమ్మట రెండుమూడు దినముల కొకమారు వచ్చును. తునకలు కాకులపాలగుట మొదలైన తరువాత ఉంచుట మానుదురు.