కుళాయి నీళ్ళు ఎక్కడివి?

నాలుగో తరగతి పిల్లాడికి స్కూల్లో "కువైట్‌లో నీళ్ళు" అని ప్రాజెక్టు ఇచ్చారనుకోండి. ఇంటర్నెట్‌లో మొదట కనిపించిన పేజీ ప్రింటు తీసి అంటించేస్తాడు. చదివింది ప్రింటరే గానీ పిల్లాడు కాదు!

దీనికి మందు 1995లోనే దొరికింది. అమెరికాలో శాన్ డియాగో స్టేట్ యూనివర్సిటీకి చెందిన బెర్నీ డాడ్జ్, టామ్ మార్చ్‌తో కలిసి 'వెబ్‌క్వెస్ట్' అనే పద్ధతి తయారుచేశారు. చదవాల్సిన పేజీలు పెద్దవాళ్ళే ముందుగా ఏరి ఇస్తారు. పిల్లలు వాటిని చదివి, ఒక నిర్ణయానికి రావాలి.

మన అబూ హలీఫాలో పక్కనే సముద్రం, కుళాయి తిప్పితే మంచినీళ్ళు. పిల్లల్ని ఇలా అడగండి: "నది లేని ఈ దేశంలో వారం రోజులు నీళ్ళ ప్లాంట్లు ఆగిపోతే, ఇంట్లో ఉన్న నీళ్ళు ముందు దేనికి వాడాలి?" ముగ్గురు పిల్లలు, తలా ఒక పేజీ. పూర్వం షత్ అల్ అరబ్ నుంచి పడవల్లో నీళ్ళు తెచ్చుకోవడం ఒకరికి. 1953లో షువైఖ్‌లో ఉప్పునీళ్ళను మంచినీళ్ళు చేసే ప్లాంటు రావడం ఇంకొకరికి. నీళ్ళు నిలవచేసే కువైట్ టవర్స్ మూడోవారికి. ముగ్గురూ కలిసి వాదించుకుని ఒక మాటకు రావాలి. చెప్పిన కారణానికే మార్కులని ముందే చెప్పండి.

ఇప్పుడు వ్యాసమైతే ఏఐ క్షణంలో రాసిపెడుతుంది. మీ ఇంట్లో ఎన్ని బకెట్లున్నాయో దానికేం తెలుసు? కరువు రోజుల్లో నీళ్ళెలా సర్దుకున్నారో ఊళ్ళో తాతయ్యకు ఫోన్ చేసి కనుక్కోమనండి. ఆయన చెప్పేది ఏ వెబ్‌సైట్‌లోనూ దొరకదు. సెలవు.