తాళపుచెవులు



సామాన్యులకు ప్రవేశము లేని చోట్ల ఛాయాచిత్రములు తీయుటయే వృత్తిగా గల నన్ను ఈ స్నాతకోత్సవ వేదికపైకి పిలుచుట పెద్దల సాహసమే. తాళపుచెవులు చేతనున్నవారిని బతిమాలుకొనుట తప్ప నాకు వేరొక విద్య రాదు. ఆ బతిమాలుకొనుటలో తెలిసివచ్చినది, మూసిన తలుపులన్నియు ఒక జాతివి కావని.

అరసవల్లి సూర్యదేవాలయములో మార్చి, అక్టోబరు నెలల కొన్ని ఉదయములందు బాలభానుని కిరణములు గోపురద్వారము దాటి, అనివెట్టి మండపము మీదుగా సాగి, మూలవిరాట్టు పాదములను తాకు వేళ, మబ్బు అడ్డురాకూడదని భక్తజనమంతయు వేచియుండును. గర్భాలయమున కెమెరాకు తావులేదు. పలుకుబడి గలవారు అనుమతి ఇప్పింతుమనిరి, వలదంటిని. క్యూలో నిలిచిన రైతుకు లేనిది నాకేల?

1713లో పునాదులు పడిన విజయనగరము కోట, మాన్సాస్ విద్యాసంస్థ 1958లో ఏర్పడిన పిదప కళాశాలలకు నెలవు కాగా, ఒకనాటి రాజప్రాంగణములలో పిల్లలు మోటారుసైకిళ్లు నిలుపుకొనుచున్నారు. అచ్చట నాబోటివానితో పనిలేదు.

నన్ను కలతపెట్టినది వేరొక తలుపు. మన రైతులు గోగు కోసి, కట్టలు కట్టి, చెరువులలో ఊరవేసి, మోకాటిలోతు నీట నిలిచి తీసిన నార చేరెడి ఒక జూటుమిల్లు లాకౌటులో ఉండగా, కాపలాదారు దయవలన లోనికి పోతిని. మగ్గముపై సగము నేసిన గోనెపట్టా అట్లే యున్నది. కటకముపై పేరుకొనుచున్న నారధూళిని తుడుచుకొనుచు తీసిన చిత్రములలో ఒకటి, మేకునకు వ్రేలాడుచున్న అన్నపుక్యారేజిది. మూతపై పొడిపించుకొన్న పేరు స్పష్టముగా పడినది.

ఆ చిత్రములలో మనుష్యులు లేరు. 1861 ప్రాంతమున పారిస్ భూగర్భపు అస్థికాగారములను విద్యుద్దీపముల వెలుగున చిత్రించిన ఫ్రెంచి ఛాయాచిత్రకారుడు నాదార్, ఒక్కొక్క చిత్రమునకు 18 నిమిషముల వరకు పట్టుటచేత, అంతసేపు పనివారు కదలక నిలువలేరని వారికి బదులు బొమ్మలను నిలిపెను. ఆయనది సాధనముల కొరత. నా చిత్రములలో మనుష్యులు లేకుండుటకు కారణము అది కాదు. మిల్లు కార్మికులు గేటు వెలుపల టెంటుక్రింద కూర్చుండిరి. చిత్రములను మొదట వారికే చూపితిని. క్యారేజి గలాయన తన పేరు చదువుకొని, “అందులో సెంచా కూడా ఉండాల బావూ” అనెను.

స్నాతకులారా, మీలో పలువురు రేపు కచేరీలలో, ఆసుపత్రులలో, కర్మాగారములలో తాళపుచెవులు పట్టెదరు. కెమెరాతో ఎవడైన వచ్చి తలుపు తట్టినచో, అది ఎవరిని కాచుటకు మూసియున్నదో విచారించి, ఆ పిమ్మటనే వలదనుడు.