ఇంటిలో చిన్న లేతు: నెలకొల్పు విధము, పనిముట్లు
(సంఘ సమావేశమునందలి ప్రసంగపాఠము)



మన సంఘ వేదికపై సాధారణముగా పద్యమును గురించియో, నాటకమును గురించియో ప్రసంగములు జరుగుచుండును. ఈ సాయంకాలము నేనొక ఇనుప యంత్రమును గురించి మాటలాడబూనితిని. బి.ఏ. చదివి, ఫైళ్ల నడుమ కాలము గడుపువానికి లేతుతో పనియేమని కొందరికి తోచవచ్చును. ఆ సందేహము తీర్చుటయే నా ప్రసంగోద్దేశము.

లేతు మనకు క్రొత్తది కాదు. తెలుగులో దానికి తరిమెన యను చక్కని పేరు కలదు. నేటి అనకాపల్లి జిల్లాలో, వరాహనది యొడ్డున నున్న ఏటికొప్పాక గ్రామమున అంకుడుకర్రను తరిమెన పట్టి బొమ్మలు చేయుదురు. తిరుగుచున్న బొమ్మకు లక్కకడ్డీని ఒత్తి పట్టుకొనగా, రాపిడి వేడికి లక్క కరిగి రంగుపూతయై అంటుకొనును. ఆ బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు లభించినది. ఈ ద్వీపములలోని తెలుగువారిలో పెక్కుమంది శ్రీకాకుళ, విశాఖపట్టణ తీరముల నుండి వచ్చినవారే గనుక ఆ బొమ్మ లేని ఇల్లు మనలో అరుదు.

అయితే కర్ర తరిమెనకును, లోహపు లేతునకును ఒక మౌలికమైన భేదమున్నది. ఏటికొప్పాక పనివాడు ఉలిని తన చేతితో పట్టుకొనును. బొమ్మ నునుపు, వంపు, సొంపు సర్వమును ఆ చేతి నేర్పుపై ఆధారపడును. లోహమునకు అంతటి బలమును, అంతటి నిలుకడను మనిషి చేయి ఇయ్యజాలదు. అందుచేత లోహపు లేతులో పనిముట్టు ఇనుపదారులపై జరుగు బండిలో బిగింపబడి యుండును. పదునెనిమిదవ శతాబ్దాంతమున లండను నగరమున హెన్రీ మాడ్స్‌లే అను యంత్రశిల్పి ఈ ఏర్పాటును, మరచుట్లు కోయు పొడవైన మరను ఒక్క యంత్రమున దృఢముగా సమకూర్చి ఎంతో ప్రసిద్ధి గడించెను. నాటినుండి పనివాని చేతిలోని నేర్పు యంత్రపు అమరికలోనికి ప్రవేశించినది. నేను చెప్పదలచినది ఈ ఒక్క మాటయే: కర్ర తరిమెనకు నేర్పు చేతిలో నుండవలెను; లోహపు లేతునకు నేర్పు అమరికలో నుండవలెను. యంత్రమును సరిగా నిలిపినవాడు సగము పని ముగించినట్లే.

ఈ మాట మన ద్వీపములలో మరింత ముఖ్యము. 2024 సెప్టెంబరులో శ్రీ విజయపురమని పేరు పొందిన మన పోర్టుబ్లెయిరునకు చెన్నపట్టణము, కలకత్తా, విశాఖపట్టణములు ఇంచుమించు 1,200 కిలోమీటర్ల దూరమున నున్నవి. ఓడ ప్రయాణము సుమారు మూడు దినములు. చేపల పడవలో నీటిపంపు బుష్ అరిగినచో, విలువలో అది స్వల్పమే. కాని దానికొరకు పడవ ఒడ్డున నిలిచిన దినములు ఆ కుటుంబమునకు స్వల్పములు కావు. ఈ దీవులవారికి యంత్రశాలలు నూతనములు కావు. 1858లో శిక్షాస్థావరము నెలకొన్న పిదప ఇచట కర్మశాలలు వెలసెను. ఛాతమ్ కోతమిల్లు 1883 నాటిది. బయటినుండి తెచ్చుకొన వీలులేని వస్తువును ఇచటనే చేసికొనుట ద్వీపజీవితమునకు సహజ ధర్మము. ఇంటిలోని చిన్న లేతు ఆ ధర్మమునకు చిన్న రూపము.

ఇక యంత్రమును గురించి. నేడు అభిలాషులకు తగిన లేతులలో విరివిగా దొరకునది 7 అంగుళముల వ్యాసము గల వస్తువును త్రిప్పగలిగి, రెండు కేంద్రముల నడుమ 12 లేక 14 అంగుళముల ఎడము గలది. అది సుమారు 40 కిలోగ్రాముల బరువు గలది. ఇద్దరు మనుష్యులు ఎత్తి బల్లపై నుంచవచ్చును. కొనువారు తరచుగా మరచు విషయమొకటి కలదు. చేతిలోని ధనమంతయు యంత్రమునకే వెచ్చింపరాదు. పనిముట్లకును, కొలత సాధనములకును దాదాపు అంతే సొమ్ము కావలసివచ్చును. పనిముట్లు లేని లేతు అక్షరము రాని పంతులు వంటిది. సరకు ఓడపై రావలసిన చోట ఈ లెక్కను ముందే వేసికొనుట మేలు.

మొదట సమకూర్చుకొనవలసినవి ఇవి: యంత్రముతో వచ్చు మూడు దవడల చక్‌కు తోడు, నాలుగు దవడలును విడివిడిగా కదలు చక్ ఒకటి, టెయిల్‌స్టాక్‌లో అమర్చుటకు 13 మిల్లీమీటర్ల డ్రిల్ చక్, తిరుగు సెంటరు, సెంటర్ డ్రిల్లులు, 8 లేక 10 మిల్లీమీటర్ల చదరపు హైస్పీడ్ ఉక్కు ముక్కలు, రంధ్రము లోపల కోయుటకు బోరింగ్ బారు, తెగగొట్టు సన్నని పనిముట్టు, సానపట్టు యంత్రము, నూనెరాయి, 150 మిల్లీమీటర్ల వెర్నియర్, 25 మిల్లీమీటర్ల మైక్రోమీటరు, డయల్ గేజి. సికింద్రాబాదులో 1943లో స్థాపింపబడిన ప్రాగా టూల్స్ సంస్థ చక్‌లకు పేరెన్నికగన్నది. పాత కర్మశాలలలో అట్టి చక్ మంచి స్థితిలో దొరికినచో అదృష్టమే. కాని అది మన కదురునకు సరిపడునో లేదో చూచి తీసికొనవలెను.

నెలకొల్పుటలో ప్రథమ కర్తవ్యము బల్ల. మన అడవులలోని పడౌక్ ఇందుకు తగినది. అది మన వేగిస, ఎర్రచందనములకు దగ్గరి చుట్టము, దిట్టమైన కర్ర. బల్ల మనిషి ఆనినను ఊగరాదు. యంత్రమునకు పూసివచ్చిన గట్టి గ్రీజును కిరసనాయిలుతో కడిగి, తుడిచి, వెంటనే నూనె పట్టింపవలెను. పిమ్మట కదలు భాగముల నడుమనున్న గిబ్ అను పట్టీలను సవరింపవలెను. బండి వదులుగా ఊగరాదు, బిగిసి మొండికేయరాదు.

ద్వితీయము బెడ్ మెలిపడకుండ చూచుట. లేతు భూమికి సమతలముగా నుండనక్కరలేదు. ఓడలలోని లేతులును చక్కగా పనిచేయును. కాని బెడ్ ఒక కొసకును మరియొక కొసకును మెలితిరిగి యుండరాదు. తాపీవాని రసమట్టము ఇందుకు చాలదు. ఒక మీటరునకు 0.02 మిల్లీమీటరు తేడాను చూపు సూక్ష్మమట్టము కావలెను. మనము కార్యాలయములలో వాడు కాగితపు మందము ఇంచుమించు 0.1 మిల్లీమీటరు, అందులో ఐదవ వంతన్నమాట. పోత ఇనుము వంగదని మన భ్రమ. నాలుగు బోల్టులను అసమానముగా బిగించినచో అదియు వంగును.

సూక్ష్మమట్టము లేనివారికి మరియొక ఉపాయము కలదు. సుమారు 25 మిల్లీమీటర్ల లావు గల కడ్డీని చక్‌లో బిగించి, 150 మిల్లీమీటర్ల మేర బయటకు విడువవలెను. టెయిల్‌స్టాక్ ఆధారము వద్దు. చక్ వద్ద నొక అంచు, బయటి కొసన నొక అంచు విడిచి, నడిమి భాగమును కొంచెము లోతుగా కోయవలెను. అటుపై పనిముట్టును ముందునకు గాని వెనుకకు గాని జరుపక, రెండు అంచులను అతి పలుచగా కోసి మైక్రోమీటరుతో కొలువవలెను. రెండును సమానమైనచో బెడ్ నిటారుగా నున్నది. బయటి కొస లావుగా నున్నచో, టెయిల్‌స్టాక్ వైపున మనకు దగ్గరగా నున్న పాదము క్రింద పలుచని ఇత్తడి రేకు నుంచి, మరల బిగించి, మరల కోసి కొలువవలెను. సన్నగా నున్నచో అదే వైపున వెనుకటి పాదము నెత్తవలెను. ఒక సాయంకాలమున ముగియకపోవచ్చును. రెండు మూడు సాయంకాలములు పట్టినను వ్యర్థము కాదు. ఇచట భూమి కంపించుట అరుదు కాదు గనుక, గట్టి ప్రకంపన కలిగిన పిదప ఈ పరీక్షను మరల చేయుట మంచిది.

తృతీయము పనిముట్టు ఎత్తు. దాని మొన కదురు కేంద్రమునకు సరిగా సమానమైన ఎత్తున నుండవలెను. సులభమైన పరీక్ష యున్నది. యంత్రమాగియుండగా పలుచని ఉక్కు స్కేలును గుండ్రని కడ్డీకిని, పనిముట్టు మొనకును నడుమ మెల్లగా ఒత్తిపెట్టుడు. స్కేలు నిటారుగా నిలిచినచో ఎత్తు సరియైనది. పై కొస మనవైపు వాలినచో పనిముట్టు దిగువ నున్నది. ఆవలకు వాలినచో ఎగువ నున్నది. ఈ చిన్న పరీక్ష చేయనందుచేతనే పనిముట్టు చెడ్డదని, యంత్రము చెడ్డదని నిందించువారు కలరు.

పనిముట్టు పదునును గురించి రెండు మాటలు. కార్బైడ్ బిళ్లలు పెద్ద యంత్రముల వేగమునకును, బలమునకును తగినవి. చిన్న లేతునకు మన చేతితో సానపట్టుకొను హైస్పీడ్ ఉక్కే నమ్మదగినది. మొద్దుపడినచో ఇంటనే పదును పెట్టుకొనవచ్చును, ఓడకై ఎదురుచూడనక్కరలేదు. మొన క్రిందిభాగము వస్తువునకు రాచుకొనకుండ 8 నుండి 10 డిగ్రీల వాలు నుంచవలెను. మెత్తని ఉక్కు కోయుటకు పైభాగమున 12 డిగ్రీల వరకు వెనుకవాలు నుంచవచ్చును. ఇత్తడికి మాత్రము పైవాలు ఉండరాదు. ఉన్నచో పనిముట్టు లోహములోనికి లాగుకొనిపోయి గ్రుచ్చుకొనును.

వేగమును ఊహతో నిర్ణయింపరాదు. లోహమునకు తగిన కోతవేగమును నిమిషమునకు మీటర్లలో తీసికొని, 320చే హెచ్చించి, వస్తువు వ్యాసమును మిల్లీమీటర్లలో తీసికొని భాగించినచో నిమిషమునకు చుట్ల సంఖ్య వచ్చును. హైస్పీడ్ పనిముట్టుతో మెత్తని ఉక్కునకు 25 మీటర్లు; అనగా 25 మిల్లీమీటర్ల కడ్డీకి 320 చుట్లు. ఇత్తడికి 60 మీటర్లు. స్టెయిన్‌లెస్ ఉక్కునకు 15 మీటర్లు చాలును. స్టెయిన్‌లెస్ ఉక్కును కోయక ఊరక రాచినచో దాని పైపొర గట్టిపడి పనిముట్టును చెరచును.

ఇన్ని ఏర్పాట్లును దేనికని అడుగుదురేమో. ఇందాక చెప్పిన పంపు బుష్‌నే తీసికొందము. 16 మిల్లీమీటర్ల ఇరుసునకు గన్‌మెటల్ బుష్ కావలెననుకొనుడు. మొదట ఒక ఉక్కు ముక్కను 16.04 మిల్లీమీటర్లకు కోసి కొలబద్దగా నుంచుకొనవలెను. పిమ్మట గన్‌మెటల్ కడ్డీని చక్‌లో బిగించి, ముఖమును చదునుచేసి, సెంటర్ డ్రిల్లుతో గుర్తు పెట్టి, 12 మిల్లీమీటర్ల రంధ్రము తొలిచి, బోరింగ్ బారుతో కొలబద్ద సరిగా దూరువరకు పెంచవలెను. కడ్డీని చక్ నుండి విప్పకయే వెలుపలి వ్యాసమును కూడ కోసి, చివరకు తెగగొట్టవలెను. లోపలి రంధ్రము, వెలుపలి గుండ్రము ఒక్క పట్టున పూర్తియైనప్పుడే రెండింటికిని కేంద్రమొకటియగును. నడుమ విప్పి మరల బిగించిన బుష్ కంటికి బాగుగనే యుండును. పంపులో మాత్రము ఇరుసును వణికించి కొద్దికాలముననే అరిగిపోవును. బెడ్ మెలిపడియున్నచో రంధ్రమే ఒక కొసన వెడల్పై, మరియొక కొసన ఇరుకగును. అమరికలోని దోషము అంతిమమున వస్తువులో బయటపడక తప్పదు.

ఇచటి ప్రధాన శత్రువు తుప్పు. ఏటా సుమారు 3,000 మిల్లీమీటర్ల వర్షము, రెండు ఋతుపవనములు, ఉప్పుగాలి ఇవి మూడును లోహమునకు గిట్టనివే. పని ముగియగానే రజనును కుంచెతో ఊడ్చి, చేతిచెమట తగిలిన భాగములను తుడిచి, ఖనిజతైలమును పలుచగా పూయవలెను. వంటనూనెలు కాలక్రమమున చెడి జిగురుకట్టును గనుక వాడరాదు. ప్లాస్టిక్ గుడ్డ కప్పినచో తేమ లోపలనే నిలుచును, నూలుబట్ట మేలు. పెట్టె వంటి కర్రమూత చేయించి, లోపల బట్టకు తగులకుండ 15 వాట్ల తంతుదీపము నొకదానిని వెలిగించియుంచినచో, లోపలి లోహము బయటిగాలి కన్న కొంచెము వెచ్చగా నుండి మంచుపట్టదు.

గృహస్థులకొక హెచ్చరిక. చక్ తాళమును చక్‌లో విడిచి యంత్రమును నడుపరాదు. అది తుపాకిగుండు వలె ఎగిరిపడును. ఉంగరము, వదులు చొక్కాచేయి, పంచెకొంగు, పమిటకొంగు, విడిజడ తిరుగు చక్ దరిదాపులకు రారాదు. చేతితొడుగులు రక్షణ యని తలపకుడు. అవి చేతినే లోనికి లాగును. కంటికి అద్దములు, యంత్రమునకు ఎర్తు తీగ తప్పనిసరి. పిల్లలు చూడవచ్చును, నేర్వవచ్చును; కాని పెద్దలు ప్రక్కన లేనప్పుడు మీట నొక్కరాదు.

ఇక మొదటి సందేహము. బి.ఏ. చదివినవానికి లేతుతో పనియేమి? మన ఉద్యోగము మనకు నేర్పినవి మూడు: వరుస తప్పకుండ పనిచేయుట, చేసినదానిని వ్రాసియుంచుట, సంతకమునకు ముందు మరల సరిచూచుట. లేతు కోరునవియు ఈ మూడే. దానికి బలిష్ఠమైన చేయి అక్కరలేదు, ఓపికగల బుద్ధి కావలెను. ఏ పాదము క్రింద ఎంత రేకు పెట్టితిమో, ఏ లోహమునకు ఏ వేగము కుదిరినదో ఒక పుస్తకమున వ్రాసికొనువాడు ఏడాది తిరుగకుండ మంచి పనివాడగును.

ఒక్క కుటుంబమునకు ఈ వ్యయము భారమైనచో నాలుగు కుటుంబములు కలిసి ఒక యంత్రము కొనవచ్చును. మన పిల్లలు చదువుకై సముద్రము దాటుచున్నారు. దాటకముందే ఒక బుష్‌ను తమచేత చేసి, అది పనిచేయుట కన్నులార చూచినచో, పుస్తకములోని యంత్రశాస్త్రము వారికి పరాయిదిగా తోచదు. జంగ్లీఘాట్ ఒడ్డున నిలిచిన ఒక పడవ మన ఇంటి బుష్‌తో మరునాడే వేటకు వెడలినచో, ఈ అభిలాషకు అంతకన్న ప్రయోజనము వేరొకటి అక్కరలేదు.